సన్నాయి: కూర్చుని వినాల్సిన విద్య

పల్నాడు జిల్లా దుర్గిలో చెక్కిన దేవుడి విగ్రహం ఏ ఊరి గుడికి చేరినా, ప్రతిష్ఠ నాడు ఆ గుడి ముందు డోలు సన్నాయి మోగాల్సిందే. దుర్గి రాతిపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ శిల్పం ఎక్కడిదో, దాని విలువేమిటో చెప్పడానికి ఒక కాగితం ఉంది. విగ్రహం ముందు నిలబడి వాయించే సన్నాయి వెనక కూడా ఏళ్ళ తరబడి సాధనతో తప్ప పట్టుబడని పనితనం ఉంది. ఆ పనితనంలో పెద్ద భాగం పల్నాటిదే. ఇప్పటి పల్నాడు జిల్లాలో ఉన్న చిలకలూరిపేట తెలుగునాట నాదస్వర విద్యకు గురుస్థానం. అక్కడ నేర్చుకున్న ఒక విద్వాంసుడు కావేరి తీరానికి వెళ్ళి, ఆ వాద్యానికి పెట్టని కోట అయిన తంజావూరు సీమను మెప్పించి, మద్రాసు మ్యూజిక్ అకాడమీ చేతుల మీదుగా సంగీత కళానిధి అయ్యారు. ఆయన షేక్ చినమౌలానా సాహెబ్.

సన్నాయి మనకు కొత్త కాదు. పెళ్ళిపందిట్లో, గృహప్రవేశంలో, కోటప్పకొండ తిరునాళ్ళలో, మాచర్ల చెన్నకేశవస్వామి ఉత్సవాల్లో అది చెవిన పడుతూనే ఉంటుంది. చెవిన పడటం వేరు, వినడం వేరు. పురోహితుడు చెయ్యి ఊపగానే గట్టిమేళం, ఊరేగింపు కదలగానే సినిమా పాట, భోజనాల వేళ మాటల వెనక ఏదో ఒక మోత. వీటితో మేళగాళ్ళ పని అయిపోయిందనుకుంటాం. సన్నాయికి అసలు బలం రాగాలాపన. దానికి వ్యవధి ఇచ్చి, ఎదురుగా కూర్చుని వింటే తప్ప ఆ బలం బయటపడదు. ఈ మాట నిజమని చూపడానికి వాద్యం కట్టడి నుంచి మొదలుపెట్టి, చినమౌలానా జీవితం మీదుగా నడుద్దాం.

చెక్క, పీక, గాలి

మనం సన్నాయి అని పిలుచుకునే నాదస్వరం పైకి చాలా సాదాగా కనిపిస్తుంది. పొడవైన చెక్క గొట్టం, పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పవుతుంది. అడుగున గంట ఆకారంలో అణసు బిగిస్తారు. గొట్టానికి ఆచ్చా చెక్క శ్రేష్ఠమని పేరు. తమిళనాట కుంభకోణం దగ్గర నరసింగంపేట ఈ వాద్యాల తయారీకి ప్రసిద్ధి. అక్కడి పనివాళ్ళు పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే ఆచ్చా దూలాల కోసం వెతుకుతారు. ఏళ్ళ తరబడి ఎండి, తేమ వదిలేసిన చెక్కయితే తొలిచాక వంగదు, పగలదు. ఆ ఊరి నాదస్వరానికి కూడా భౌగోళిక గుర్తింపు ఉంది.

గొట్టం మీద మొత్తం 12 రంధ్రాలు. పైన 7 వేళ్ళతో వాయించేవి. అడుగున ఉన్న 5 రంధ్రాలను వేళ్ళు తాకవు. మైనం పెట్టి వాటిలో కొన్నిటిని మూసి, కొన్నిటిని తెరిచి శ్రుతిని సరిచూసుకుంటారు. వాద్యానికి మీటలుండవు, తీగలుండవు. హార్మోనియంలో లాగా ప్రతి స్వరానికీ సిద్ధంగా ఒక మెట్టు ఉండదు. ఏడు రంధ్రాలు ఇచ్చేది ఏడు స్వరాల చోటు మాత్రమే. ఆ చోట్ల మధ్య ఉన్న సూక్ష్మ స్థానాలన్నీ వాయించేవాడే పుట్టించుకోవాలి.

పుట్టించే పని పీకతో మొదలవుతుంది. కావేరి ఒడ్డున పెరిగే ఒక జాతి రెల్లును కోసి, పదును చేసి, రెండు రేకులుగా నొక్కి లోహపు గొట్టానికి కడతారు. రెండు రేకుల మధ్య సన్నని సందు. గాలి ఆ సందులోంచి దూసుకుపోతుంటే రేకులు అదిరి నాదం పుడుతుంది. పీక కొద్దిగా ఎండితే గొంతు కీచుమంటుంది, ఎక్కువ నానితే బరువెక్కి పలకదు. అందుకే కళాకారుడు ఒక్క పీకను నమ్ముకోడు. వాద్యం మెడకు దారాలతో నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి. వాటి పక్కనే పీక మూతిని సవరించే సన్నని సూది కూడా ఉంటుంది. పక్కనున్న రెంటచింతల ఎండ ఎలాంటిదో దుర్గి వాళ్ళకు చెప్పక్కర్లేదు. వైశాఖ మాసపు పెళ్ళి ముహూర్తాల్లో ఆ వడగాడ్పుల మధ్య పీకను నోటి తడితో కాపాడుకుంటూ శ్రుతి జారకుండా గంటలు గంటలు వాయించడమంటే, మిగతా నైపుణ్యమంతా పక్కన పెట్టినా, అదొక్కటే ఒక విద్య.

వాద్యంలో ప్రధానంగా రెండు రకాలు. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో పలికేది తిమిరి. పొడవుగా, గంభీరంగా పలికేది బారి. పూర్వం ఊరేగింపుల్లో తిమిరి ఎక్కువగా వినపడేది. తమిళనాట నాదస్వర చక్రవర్తిగా పేరుపొందిన తిరువావడుదురై రాజరత్నం పిళ్ళై శ్రుతి తగ్గించిన పొడవైన వాద్యాన్ని పట్టుకున్నారు. పాత తిమిరిలో సరిగా పలకని శుద్ధ మధ్యమం కుదురుగా పలికే బారి నాదస్వరాన్ని నరసింగంపేట రంగనాథం ఆచారి ఆయన కోసం మలిచి ఇచ్చారు. శ్రుతి దిగడంతో నాదానికి ఒక నిండుదనం వచ్చింది, నిదానమైన ఆలాపనకు చోటు దొరికింది. ఇవాళ కచేరీల్లో మనం వినేది ఎక్కువగా ఈ బారి నాదస్వరాన్నే.

పెదవి, నాలుక, వేలు

గాత్రంలో గమకం గొంతులో పుడుతుంది, వీణలో తీగ లాగితే పుడుతుంది. నాదస్వరంలో దానికి ఊపిరి, పెదవి, వేలు మూడూ కలిసి పనిచేయాలి. ఒకే రంధ్రం తెరిచి ఉంచి ఊపిరి ఒత్తిడి పెంచితే స్వరం కొంచెం పైకి లేస్తుంది, పెదవి బిగువు సడలిస్తే కిందికి దిగుతుంది. రంధ్రాన్ని సగం, పావు మూసి వేలిని మెల్లగా జారిస్తే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తెగకుండా పోవచ్చు. తోడి రాగంలో గాంధారాన్ని గుర్తు తెచ్చుకోండి. అది ఒకచోట నిలిచే స్వరం కాదు, ఊగుతూ ఉండాలి, ఎంత ఊగాలో అంతే ఊగాలి. ఆ ఊపును మీటల్లేని చెక్కలోంచి తీయాలంటే పొత్తికడుపు నుంచి వచ్చే గాలి మీద అదుపు ఉండాలి. నాదస్వరంలో తోడి వాయించడం విద్వత్తుకు పరీక్ష అనడం ఇందుకే. రాజరత్నం పిళ్ళై తోడి గ్రామఫోను రికార్డులుగా ఊరూరా తిరిగింది. ఆ రాగానికి ఆ వాద్యమే ఇల్లు అనిపించేలా వాయించారాయన.

నాలుక పని ఇంకోటి. గాలిని ఆపకుండా స్వరాలను ఒకదానిలోకి ఒకటి ఒలికిస్తూ పోవడం అకార పద్ధతి. గాత్రంలో అకారంగా పాడటానికి ఇది సాటి. నాలుక కొసతో పీకను తాకి గాలిని ముక్కలు చేస్తూ ఒక్కో స్వరాన్ని విడివిడిగా పలికించడం తుత్తుకారం. స్వరకల్పనకు, వడి సంగతులకు తుత్తుకారం ప్రాణం. ఆలాపనలో అదే పనిగా తుత్తుకారం వాడితే రాగం తునకలైపోతుంది. ఎక్కడ కోయాలో ఎక్కడ ఒలికించాలో తెలియడమే బాణీ. కృతి వాయించేటప్పుడు మంచి విద్వాంసుడి నాలుక సాహిత్యంలోని అక్షరాలను అనుసరిస్తుంది. పాట తెలిసిన శ్రోతకు పల్లవి మాటలు వాద్యంలో స్పష్టంగా వినిపించేది అప్పుడే. త్యాగరాజ కృతి తెలుగు పాట. పదం ఎక్కడ విరగాలో, ఎక్కడ విరగకూడదో తెలుగు కళాకారుడికి పుట్టుకతో తెలుసు. అది మనవాళ్ళకు భాష ఇచ్చిన సంపద.

అందుకే ఈ విద్య నోటితో మొదలవుతుంది. సరళీలు, జంటలు, అలంకారాలు, గీతాలు, వర్ణాలు ముందు పాడి నేర్చుకుంటారు. పాడలేనిది వాయించలేరు. తర్వాత తెల్లవారుజామున లేచి నిలకడ ఊపిరి సాధకం. ఒకే స్వరాన్ని వణకకుండా, పెరగకుండా, తగ్గకుండా పట్టి ఉంచాలి. ఈ సాధకం చేసేవాడికీ ఇంట్లోవాళ్ళకూ కూడా తపస్సే, ఎందుకంటే నాదస్వరం నాలుగు గోడల మధ్య ఇమిడే వాద్యం కాదు. ఆరుబయట వీధి చివరి దాకా వినిపించడానికి పుట్టింది. అంత గట్టిగా పలికే వాద్యం మీద అంత సున్నితమైన గమకం తీయడం దీనిలోని అసలు కష్టం. గట్టిగా ఊదడం కొన్నాళ్ళలో పట్టుబడుతుంది. గట్టి ఊపిరితో మెత్తని స్వరం తీయడానికి జీవితం పడుతుంది.

డోలు, ఒత్తు

సన్నాయి ఒంటరిది కాదు. దాని పక్కన డోలు ఉంటుంది, తమిళులు తవిల్ అంటారు. పనస చెక్కతో తొలిచిన పీపా ఆకారపు గుల్లకు రెండు వైపులా చర్మం బిగిస్తారు. ఎడమ వైపు పొట్టి కర్రతో కొడతారు. కుడి వైపు అయిదు వేళ్ళకూ గుడ్డపేలికలను పిండి జిగురుతో గట్టిపరిచి చేసిన తొడుగులు తొడిగి వాయిస్తారు. ఎడమ నుంచి లోతైన నాదం, కుడి నుంచి పదునైన జతులు. మృదంగంలా మెత్తగా వెన్నంటి పోవడంతో డోలు తృప్తి పడదు. సన్నాయి ఆలాపన చేస్తుంటే మధ్యమధ్య విరామాల్లో తాను జవాబు చెబుతుంది. ఆ జవాబులో సన్నాయి విద్వాంసుడికి ఊపిరి తిప్పుకునే వెసులుబాటు, తర్వాతి సంగతి ఆలోచించుకునే వ్యవధి రెండూ దొరుకుతాయి.

వెనక నిలబడి ఒత్తు పట్టేవాడి గురించి ఎవరూ మాట్లాడరు. ఒత్తు కూడా పీక ఉన్న గొట్టమే. దానికి వేలి రంధ్రాలుండవు, ఆధార షడ్జం ఒక్కటే పలుకుతుంది. ఆ ఒక్క స్వరం తెగకూడదు. బుగ్గల్లో గాలి నిల్వ చేసుకుని, దాన్ని బయటికి వదులుతూనే ముక్కుతో కొత్త ఊపిరి పీల్చుకోవాలి. గంటల సేపు అలా నిలిపితేనే సన్నాయికి నేల దొరుకుతుంది. ఇప్పుడు చాలాచోట్ల ఆ స్థానంలోకి శ్రుతి పెట్టె వచ్చేసింది. స్వరం తెగదు కానీ, ఒత్తు పట్టడంతోనే మొదలయ్యే పిల్లల తొలి పాఠం పోయింది. వెనక నిలబడి ఒత్తు ఊదుతూ, ముందు నిలబడ్డ గురువు చేసే రాగాన్ని రాత్రంతా వినడమే ఒకప్పుడు పాఠశాల.

వేళకు తగ్గ రాగం

గుడిలో సన్నాయికి దినచర్య ఉంది. తెల్లవారుజామున భూపాలం, బౌళి. రాత్రి పవళింపు సేవకు నీలాంబరి. స్వామి గుడి దాటి వీధిలోకి వచ్చేటప్పుడు గంభీరనాటలో మల్లారి. మల్లారికి మాటలుండవు. అది స్వరాలతో కట్టిన నడక. ఒక కాలంలో మొదలై రెండో కాలం, మూడో కాలం అందుకుంటుంది. దాన్ని వినగానే కళ్ళు మూసుకున్న భక్తుడికి కూడా పల్లకి లేచిందని తెలిసిపోతుంది. ఇంత కచ్చితంగా సమయాన్ని, సందర్భాన్ని చెప్పగలిగే సంగీతం మనకు ఇంకోటి లేదు.

ఊరేగింపే ఈ వాద్యానికి రాగాన్ని విస్తరించే చోటు ఇచ్చింది. తంజావూరు సీమ గుళ్ళలో స్వామి నాలుగు మాడవీధులు తిరిగేటప్పుడు ప్రతి మలుపులోనూ పల్లకి ఆగుతుంది. ఆగినంత సేపూ సన్నాయి వాయించాలి. మనిషి పాడితే వీధిలో ఆ గొంతు నాలుగు బారల దూరం పోదు. సన్నాయి పోతుంది. అలా రాత్రుళ్ళు రాత్రుళ్ళు ఒకే రాగాన్ని విస్తరిస్తూ, మలుపు మలుపుకూ కొత్త దారి వెతుకుతూ నాదస్వర విద్వాంసులు ఆలాపనను ఒక మహాకళగా పెంచారు. కచేరీ గాయకులు సైతం రాగ విస్తారం కోసం నాదస్వరం వైపు చూసేవారు. సాగర్ కుడి కాలవ నీరు వదిలినప్పుడు రైతు ఒక మడి పూర్తిగా తడిశాకే గట్టు తెంపి రెండో మడికి మళ్ళిస్తాడు. మంచి సన్నాయి ఆలాపన సరిగ్గా అలాగే సాగుతుంది. ఒక స్వరం దగ్గర నిలిచి, దాని చుట్టూ ఉన్న సంగతులన్నీ తడిపి, ఆ తర్వాతే పై స్వరానికి తెరుచుకుంటుంది. పై షడ్జం అందుకునే సరికి వినేవాడికి రాగం మొత్తం మనసులో నిలిచిపోతుంది. నాలుగు నిమిషాల్లో ఇది జరిగే పని కాదు.

కరవది నుంచి శ్రీరంగానికి

షేక్ చినమౌలానా 1924లో ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టారు. సన్నాయి ఇంటి విద్య. తొలి గురువు తండ్రి కాశిం సాహెబ్. ఆ తర్వాత చిలకలూరిపేట షేక్ ఆదం సాహెబ్ దగ్గర శిష్యరికం. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో సన్నాయి మేళం కులవృత్తిగా ఉన్న కుటుంబాల్లో నాయీబ్రాహ్మణులు ఉన్నారు, ముస్లిములు ఉన్నారు. ఇంట్లో నమాజు, గుడి ముందు త్యాగరాజ కీర్తన. వాళ్ళకు ఈ రెండింటి మధ్య ఎన్నడూ పేచీ రాలేదు. రాముడి కల్యాణానికి సన్నాయి పట్టిన సాహెబును ఊళ్ళో ఎవరూ వింతగా చూడలేదు. మత సామరస్యం గురించి ఉపన్యాసాలు లేని కాలంలోనే ఆ కుటుంబాలు దాన్ని తమ రోజువారీ పనిగా బతికాయి.

చినమౌలానా జీవితంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది ఆయన రెండోసారి శిష్యుడైన తీరు. తెలుగునాట అప్పటికే విద్య వచ్చినవారు, మేళం నడిపే కుటుంబం వారు. రాజరత్నం పిళ్ళై వాదనం ఆయన్ని పట్టేసింది. అలాంటి రాగాలాపన కావాలంటే అది పెరిగిన నేలకే వెళ్ళాలనుకున్నారు. కుంభకోణం దగ్గరి నాచ్చియార్‌కోయిల్‌లో రాజం, దురైకన్ను సోదరుల వద్ద తంజావూరు బాణీ నేర్చుకున్నారు. వేరే ప్రాంతం, వేరే భాష, వేరే బాణీ. అందులోనూ వాద్యానికి తామే వారసులమనే గర్వం గట్టిగా ఉన్న సీమ. చేయి తిరిగిన వాద్యకారుడు ఊపిరి పట్టే తీరును, పెదవి బిగువును, సంగతి అల్లికను మళ్ళీ మార్చుకోవడం చిన్న విషయం కాదు. అలవాటైన వేలు మాట వినదు. దాన్ని విరిచి మళ్ళీ కట్టాలి. అది ఆయన చేశారు.

1960లలో శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో ఒక తెలుగు ముస్లిం నాదస్వరం మోగింది. తంజావూరు సీమ ఆయన్ని తమవాడిగా స్వీకరించింది. ఆయన రికార్డింగులు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో తొందర కనపడదు. స్వరం మొదలయ్యేటప్పుడు పీక చప్పుడు వినపడదు, నాదమే నేరుగా మొదలవుతుంది. అంత పెద్ద వాద్యం ఆయన చేతిలో అరవదు. వడి సంగతులు వచ్చినప్పుడు కూడా ప్రతి స్వరం విడిగా, గుండ్రంగా వినిపిస్తుంది. కృతి వాయిస్తుంటే పాట పాడుతున్నట్టే ఉంటుంది. చిలకలూరిపేటలో నేర్చిన తెలుగు పాట మీది చనువు, కావేరి తీరంలో నేర్చిన ఆలాపన ఆయన వాదనంలో ఒకటైపోయాయి.

1977లో పద్మశ్రీ వచ్చింది. 1998లో మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి. మరుసటి ఏడాది, 1999లో ఆయన కన్నుమూశారు. విదేశాల్లోనూ వాయించారు. ఆయన మిగిల్చినవాటిలో బిరుదుల కన్నా నాకు గొప్పగా తోచేది శ్రీరంగంలో ఆయన నెలకొల్పిన శారదా నాదస్వర సంగీత ఆశ్రమం. తాను వెతుక్కుంటూ వెళ్ళిన విద్యను వెతుక్కుంటూ వచ్చినవారికి ఇచ్చే చోటు అది. మనవలు కాశిం, బాబు జంటగా వాయిస్తూ ఆ బాణీని నిలబెడుతున్నారు.

ఆయన శిష్యుల్లో ప్రకాశం జిల్లా నుంచి వచ్చిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులున్నారు. ఇద్దరూ కర్నూలు శారదా సంగీత కళాశాలలో చదువుకుని, తర్వాత శ్రీరంగంలో చినమౌలానా దగ్గర మెరుగులు దిద్దుకున్నారు. ఆడవాళ్ళు చాలా అరుదుగా చేపట్టే ఈ వాద్యాన్ని కాలీషాబీ భర్తతో సమంగా వేదిక మీద నిలబెట్టారు. 2020లో ఇద్దరికీ కలిపి పద్మశ్రీ ప్రకటించారు. గోసవీడుకు చెందిన షేక్ హసన్ సాహెబ్ భద్రాచలం రాముడి గుడిలో ఆస్థాన విద్వాంసులుగా సేవ చేశారు. ఆయనకు మరణానంతరం 2022లో పద్మశ్రీ దక్కింది. తెలుగు సన్నాయికి ఇన్ని దీపాలున్నాయి. అయినా ఈ పేర్లు మన బడి పిల్లలకు తెలియవు.

జాజ్ వినిన సన్నాయి

మనం పందిట్లో పట్టించుకోని ఈ వాద్యం కోసం ఒక అమెరికన్ దక్షిణ భారతదేశానికి వచ్చాడు. చార్లీ మరియానో బోస్టన్‌కు చెందిన శాక్సఫోన్ విద్వాంసుడు. జాజ్‌లో డబుల్ బాస్ వాయిస్తూ బృందాన్ని నడిపించిన దిగ్గజం చార్లెస్ మింగస్ 1963లో చేసిన ‘ది బ్లాక్ సెయింట్ అండ్ ది సిన్నర్ లేడీ’లో వినిపించే శాక్సఫోన్ ఆయనదే. అంత పేరున్న మనిషి నాదస్వరం నాదానికి ముగ్ధుడై, దాన్ని నేర్చుకోవడానికి మళ్ళీ శిష్యుడయ్యాడు. 1975లో జర్మన్ డబుల్ బాస్ కళాకారుడు ఎబర్‌హార్డ్ వేబర్ రికార్డు చేసిన ‘యెల్లో ఫీల్డ్స్’లో మరియానో నాదస్వరం వాయించాడు. ఆ బృందంలో డ్రమ్స్ మీద ఉన్నది నార్వేకు చెందిన యోన్ క్రిస్టెన్‌సెన్.

నార్వే జాజ్ కథలో మనం గమనించాల్సింది ఒకటుంది. 1945లో పుట్టిన ఆరిల్డ్ ఆండర్సన్ అక్కడి డబుల్ బాస్ కళాకారుల్లో అగ్రగణ్యుడు. నిలువెత్తు తీగ వాద్యాన్ని నిలబెట్టి వేళ్ళతో మీటుతూ, మంద్రంలో బృందం మొత్తానికి ఆధారం కట్టడం డబుల్ బాస్ పని. మన మేళంలో ఒత్తుదీ, డోలు ఎడమ మూతదీ అదే బాధ్యత. ఆండర్సన్ అమెరికా జాజ్‌ను అనుకరిస్తూ ఉండిపోలేదు. 1990లో వోస్ పట్టణపు జాజ్ ఉత్సవం కోసం తన దేశపు పల్లె పాటలను ఒక జానపద గాయనితో కలిసి కచేరీ వేదిక మీదికి తెచ్చాడు. ‘సాగ్న్’ పేరుతో అది రికార్డుగా వచ్చింది. పల్లెలో పుట్టిన పాటను జనం కచేరీ శ్రోతలుగా కూర్చుని విన్నారు. ఉత్సవం నడిపినవాళ్ళు కళాకారుడికి ముందే పని అప్పజెప్పి, సాధన చేసుకునే వ్యవధి ఇచ్చారు. నార్వే సంగీతానికి ప్రపంచంలో వచ్చిన గౌరవం వెనక ఇలా వినే అలవాటు, ఇలా అడిగే అలవాటు ఉన్నాయి. మన దగ్గర విద్వాంసులకు కొదవ లేదు. కొదవ ఉన్నది ఈ రెండు అలవాట్లకే.

మనం చేయగలిగింది

ఇప్పుడు మేళం కుటుంబాల పరిస్థితి చూస్తున్నదే. పెళ్ళికి బ్యాండు, డీజే ముందు మాట్లాడుకుంటారు, చివర్లో మాంగల్యధారణ వేళకు సన్నాయి గుర్తొస్తుంది. కొన్నిచోట్ల అదీ లేదు, ఫోనులో గట్టిమేళం పెట్టి మైకు దగ్గర పట్టుకుంటారు. ముహూర్తాలున్న నెలల్లో తీరిక దొరకదు, మూఢం వస్తే పని దొరకదు. పిల్లలు ఈ విద్యలోకి ఎందుకు రావాలని తండ్రులే అడుగుతున్నారు. తిరుపతిలో దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వర నాదస్వర, డోలు పాఠశాల ఉంది. సంగీత కళాశాలల్లో నాదస్వరం చెబుతారు. చదువు చెప్పేచోట్లు ఉన్నాయి. నేర్చుకుని వచ్చిన కుర్రవాడికి తాను నేర్చిన శంకరాభరణం వినిపించే సందర్భం ఊళ్ళో ఉండాలి కదా. ఎన్నేళ్ళు నేర్చుకున్నా సినిమా పాటకే చదివింపులు వస్తాయని తెలిసినప్పుడు ఆలాపన సాధకం ఎవరు చేస్తారు? వినేవాళ్ళు లేని చోట విద్య ముందు పొట్టిదవుతుంది, ఆ తర్వాత మాయమవుతుంది.

దీన్ని ఆపడానికి పెద్ద పథకాలు రావాలని ఎదురు చూడక్కర్లేదు. పెళ్ళి చేస్తున్న కుటుంబం ఒక పని చేయవచ్చు. ఎదురుకోలుకు ముందు, అతిథులు వచ్చి కూర్చునే వేళ, అరగంట సేపు మేళాన్ని పందిరి మూల నుంచి వేదిక మీదికి పిలిచి, డీజే ఆపి, ఒక రాగం, ఒక కృతి వాయించమని అడగాలి. మైకు అణసుకు ఆనించి పెట్టకూడదు, నాలుగడుగులు దూరంగా ఉంచితే నాదం పగలకుండా వినిపిస్తుంది. ఏ రాగం వాయించారని తర్వాత ఒకరు వెళ్ళి అడిగితే చాలు, ఆ కళాకారుడు మరుసటి పెళ్ళికి ఇంకో రాగం సాధన చేసి వస్తాడు. అడిగినవాడికీ ఒక రాగం పేరు తెలుస్తుంది. రెండో పెళ్ళిలో ఆ రాగాన్ని తానే గుర్తుపడతాడు. శ్రోత తయారయ్యేది ఇలాగే.

గుడి కమిటీలు ఇంకొంచెం ఎక్కువ చేయగలవు. దుర్గిలో, మాచర్లలో, గురజాలలో, నరసరావుపేటలో ఏటా ఉత్సవాలు జరుగుతాయి. ఊరేగింపు కదిలే ముందు ఒక గంట నాదస్వరానికే కేటాయించవచ్చు. కూడళ్ళలో స్వామి ఆగినప్పుడు తంజావూరు పద్ధతిలో ఆలాపన చేయించవచ్చు. చినమౌలానా పేరుతో చిలకలూరిపేటలో ఏటా ఒక రోజు కచేరీ నడిపించడానికి ఆ ఊళ్ళో ఉన్న దాతలు చాలు. శిల్పులు పది వేళ్ళతో రాతిని మలిచే దుర్గిలో, పది వేళ్ళతో గాలిని మలిచే మనిషి విలువ చెబితే అర్థం చేసుకునే జనం తప్పకుండా ఉంటారు. చేతిపని అంటే ఏమిటో వాళ్ళకు ఇంటి విషయం.

ఉత్సవాల కరపత్రం అచ్చు వేయించేటప్పుడు దాతల పేర్లు, అన్నదానం వివరాలు, కోలాటం వేళలు అన్నీ వేస్తాం. సన్నాయి దగ్గరకు వచ్చేసరికి ‘మంగళవాద్యాలతో’ అని ఒక్క మాటతో సరిపెడతాం. ఈసారి అక్కడ కళాకారుడి పేరు వేయండి, ఆయన గురువు పేరు వేయండి, డోలు విద్వాంసుడి పేరు వేయండి, కచేరీ ఎన్ని గంటలకో రాయండి. ఆ గంటకు అందరికన్నా ముందు కమిటీ పెద్దలే వచ్చి ముందు వరుసలో కూర్చోండి.